మాగ్నెట్ చికిత్స మంచిదే.. పాలమూరు నుంచి 30 సార్లు తిరిగేదెలా?

ఇంట్లో ఒకరు నెలల తరబడి నిద్ర, తిండి లేక మూలన కూర్చుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ముందుగా వినిపించే మాట ‘నజర్ తగిలింది’ అని. దర్గాకు తీసుకెళ్తారు, తావీజు కట్టిస్తారు. అది డిప్రెషన్ కావచ్చన్న అనుమానం అందరికన్నా ఆలస్యంగా వస్తుంది. దేశంలోని పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. వారిలో ఎక్కువ మందికి వైద్యమే అందడం లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో ‘టీఎంఎస్’ అనే మాగ్నెట్ చికిత్స దొరుకుతోంది. మాత్రలు మింగి విసిగిపోయిన కుటుంబాలకు ఇదో కొత్త ఆశ. అయితే డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఈ పద్ధతిని 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం కనిపెట్టింది. డిప్రెషన్ చికిత్సకు వాడేందుకు 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతినిచ్చింది. తలకు ఆనించిన తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత తరంగాలు మెదడు ముందు భాగంలో మందగించిన నాడీకణాలను మేల్కొల్పుతాయి. ఇది కరెంటు షాక్ కాదు. మత్తు ఇవ్వరు. కుర్చీలో కూర్చుని చేయించుకుని నడుచుకుంటూ ఇంటికి పోవచ్చు. కొందరికి తలనొప్పి వస్తుంది. ఫిట్స్ రావడం చాలా అరుదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి మాత్రం ఇది పనికిరాదు. నిద్ర తక్కువైతే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది కాబట్టి, రంజాన్‌లో తరావీహ్, సహరీల వల్ల నిద్ర తగ్గేవారు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఇంకో సంగతి, ఇది మొదటి మందు కాదు. సరైన మాత్రలు సరైన మోతాదులో, సరిపడినంత కాలం వాడినా తగ్గని వారికే దీన్ని ప్రధానంగా సూచిస్తారు. అలాంటి వారిలోనూ దాదాపు సగం మందికే చెప్పుకోదగ్గ మెరుగు కనిపిస్తుంది. మాత్రలే మొదలుపెట్టని మనిషిని నేరుగా మిషన్ దగ్గరికి తీసుకెళ్లడం తొందరపాటే.

అసలు చిక్కు దూరంతోనే. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు, అంటే 20 నుంచి 30 సార్లు చేయించుకోవాలి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 30 సార్లు పోయిరావాలంటే 6 వేల కిలోమీటర్లు. రోగి వెంట ఒకరు పోవాలి, ఇద్దరి కూలీ పోతుంది. ఇంటి మగవాడు గల్ఫ్‌లో ఉంటే ఆ ఇల్లాలిని రోజూ బస్సెక్కించి తీసుకెళ్లేదెవరు?

దీనికి దారి లేకపోలేదు. మూడు నిమిషాల్లో ముగిసే పద్ధతికి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దాంతో ఒకే మిషన్ మీద రోజుకు ఎక్కువ మందికి చికిత్స చేయవచ్చు. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. ప్రతి జిల్లాలో ప్రభుత్వ మానసిక వైద్య సేవలు ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ వైద్యం ఉచితంగా అందించాలి. ఒంటి జబ్బులకు ఇచ్చినట్లే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. ముందు డాక్టర్, మాత్రలు, కౌన్సెలింగ్ జిల్లాలోనే దొరకాలి, ఆ తర్వాత మిషన్. ప్రజాప్రతినిధులను అడగాల్సింది ఈ వరుసలోనే.

దర్గాకు పోవడం మానుకోనక్కర్లేదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దువాతో పాటు దవా కూడా అందే ఏర్పాటు చేశారు. ఇక్కడి పెద్దలు, ఇమాములు ‘డాక్టర్‌కు కూడా చూపించండి’ అని ఒక్క మాటంటే చాలా ఇళ్లలో ఆలస్యం తప్పుతుంది. ‘టెలి మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలనిపిస్తోందని ఇంట్లో ఎవరైనా అంటే, తెల్లారేదాకా ఆగకండి.