కంప్యూటర్ కబుర్లు: కావలివాడే పడిపోతే?

మా దుర్గాపూర్‌లో కావలి అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. రాత్రంతా ఎవరో ఒకరు మీటర్లు చూస్తూనే ఉండాలి. ఆఫీసుల్లో సర్వర్లకు ఆ డ్యూటీ చేసేవి నాగియోస్, జాబిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు.

మొన్న రాత్రి పదకొండింటికి నాగపూర్ నుంచి మా మేనల్లుడి ఫోను. "మామయ్యా, జాబిక్స్ లేచిన మరుక్షణమే పడిపోతోంది. తీసేసి మళ్ళీ ఎక్కించేస్తాను."

ఆగరా అన్నాను. ఎక్కించినా కారణం అలాగే ఉంటుంది. ఆ ఊపులో డేటాబేస్ కూడా చెరిపేస్తే ఏళ్ళ లెక్కలు గల్లంతు.

పడిపోయే సాఫ్ట్‌వేర్ సాధారణంగా కారణం లాగ్ ఫైలులో రాసే పోతుంది (ఆ విషయంలో మనుషులకంటే నయం). చివరి పాతిక వరుసలు చదివించాను. మెమరీ చాలలేదని ఉంది. మిషన్‌లో ర్యామ్ బోలెడుంది కదా అంటాడు వాడు! జాబిక్స్ తన జాబితా దాచుకోవడానికి 'కాష్‌సైజ్' అని విడిగా ఒక హద్దు పెట్టుకుంటుంది. గమనించాల్సిన పరికరాలు పెరిగితే ఆ హద్దు చాలదు. సెట్టింగుల ఫైలులో ఆ అంకె పెంచాక లేచి నిలబడింది.

నాగియోస్‌ది వేరే పేచీ. సెట్టింగుల్లో తప్పుంటే లేవనంటుంది. 'నాగియోస్ మైనస్ వి' అని ఫైలు పేరిచ్చి అడిగితే తప్పెక్కడుందో చూపిస్తుంది. ఏదైనా సరే, డిస్కు నిండిందేమో కూడా చూడండి.

కావలివాడు పడిపోయిన రాత్రి గంట మోగదు. అందరూ క్షేమమనుకుని నిద్రపోతారు. నాకు భయం దానికే. అందుకే ఐదు నిమిషాలకోసారి జాబిక్స్ మేలుకుని ఉందా అని చూసే చిన్న స్క్రిప్టు వేరే మిషన్‌లో పెట్టమన్నాను. మరునాడే పెట్టాడు.