గుండె పరీక్షకు మొహమాటం అడ్డు కారాదు

గర్భిణి నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే ‘నీరసమే, కాన్పయితే తగ్గిపోతుంది’ అనడం మన ఇళ్లలో అలవాటు. నిరుడు వారాసిగూడలో ఒక కోడలి విషయంలో ఇదే జరిగింది. ఏడవ నెలలో, అర్ధరాత్రి ఊపిరాడని స్థితిలో ఆమెను ఆసుపత్రికి చేర్చాము. టూ-డీ ఎకో పరీక్షలో గుండెలోని మైట్రల్ కవాటం బాగా సన్నబడినట్లు తేలింది. చిన్ననాడు వచ్చిన కీళ్లనొప్పుల జ్వరాన్ని పుట్టింటివారు మరచిపోయారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

దీనిని రుమాటిక్ గుండె జబ్బు అంటారు. స్ట్రెప్టోకాకస్ క్రిముల వల్ల వచ్చే గొంతునొప్పికి సరైన వైద్యం అందకపోతే, ముఖ్యంగా 5 నుండి 15 ఏళ్ల పిల్లలలో కొందరికి కీళ్లవాపు జ్వరం వస్తుంది. అది గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. పేదరికం, ఇరుకు గదులు దీనికి ఆలవాలం. తొలిదశలో గుర్తిస్తే మూడు, నాలుగు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూది జ్వరం తిరగబెట్టకుండా కాపాడుతుంది. స్టెతస్కోపుకు అందని లోపం సైతం ఎకోలో కనబడుతుంది. ఇది కేవలం ధ్వని తరంగాలతో చేసే పరీక్ష. రేడియేషన్ ఉండదు కనుక గర్భిణులకూ హాని లేదు.

మరి మన ఆడపిల్లలు ఈ పరీక్ష దాకా ఎందుకు చేరడం లేదు? మొదటి అడ్డంకి మనమే. ఛాతీపై పరికరం ఉంచి చూసేది పురుషుడని తెలిసి వెనుదిరిగిన కుటుంబాలను మేము చూశాము. గుండె జబ్బు సంగతి బయటపడితే రిష్తాలు రావన్న భయం మరొకటి. ప్రాణావసరం ఏర్పడినప్పుడు, వైద్యురాలు లేనిచోట పురుష వైద్యునికి చూపించుకోవడాన్ని ఉలమా అనుమతించారు. జబ్బును దాచి నికాహ్ జరిపించడం మాత్రం ఆ పిల్ల ప్రాణంతో చెలగాటమే.

రెండవ అడ్డంకి ప్రభుత్వానిది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన జబ్బులలో ఇదీ ఉంది. కాని ఆ బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. ఎయిడ్ లేని మదర్సాల, గల్లీలలోని చిన్న ప్రైవేటు బడుల పిల్లల మాటేమిటి? 2007 నుండి ఆరోగ్యశ్రీ గుండె శస్త్రచికిత్సల ఖర్చు భరిస్తున్నది, నిజమే. అయితే జబ్బు బయటపడినవారికే ఆ పథకం ఉపయోగపడుతుంది.

కనుక మేము కోరేది మూడు విషయాలు. పాఠశాల ఆరోగ్య బృందాలు మదర్సాలకూ రావాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి కనీసం కొన్ని రోజులు మహిళా సిబ్బందే స్త్రీలకు ఎకో చేయాలి. ఆయాసపడే ప్రతి గర్భిణికి ఆలస్యం లేకుండా ఈ పరీక్ష జరగాలి.

మసీదు కమిటీలు చేయగల పని కూడా ఉంది. కీళ్లవాపు జ్వరం వచ్చిన పిల్లలను, ఆయాసపడే స్త్రీలను ఆసుపత్రికి తీసుకువెళ్లాలని జుమా నాడు ఒక్క ప్రకటన చేయండి. తోడు లేనివారికి తోడు వెళ్లండి. సికింద్రాబాద్ బస్తీలకు గాంధీ ఆసుపత్రి దూరమేమీ కాదు. మన మొహమాటమే దానిని దూరం చేస్తున్నది.