ఫెయిలయ్యింది ఎవరు?

‘కండోం ఫెయిలయింది’ అనే మాట మీద నాకు అభ్యంతరం వుంది. ఆ మాటలో మగవాడు ఎక్కడా కనపడడు. ఒక రబ్బరు తొడుగు తనంతట తానే తప్పు చేసి, ఒక స్త్రీకి గర్భం తెచ్చిపెట్టినట్టు వుంటుంది. ఆ తర్వాత మందుల షాపు, స్కానింగు, అబార్షన్, చివరికి ఆపరేషన్ అన్నీ ఆమె ఒంటిమీదే.

నిజానికి ఆ వస్తువు చాలా సాదాసీదాది. రబ్బరుపాలతో చేసిన పలుచని తొడుగు. వీర్యాన్ని తనలోనే ఆపేస్తుంది, వీర్యకణం అండాన్ని చేరదు, అంతే. కోత లేదు, హార్మోన్లు లేవు. గర్భంతోపాటు హెచ్.ఐ.వి.నీ, అనేక సుఖవ్యాధులనూ అడ్డుకుంటుంది. ఫాక్టరీలో ఒక్కో తొడుగునీ కరెంటుతో పరీక్షించి, రంధ్రం వున్నదాన్ని ఏరిపారేస్తారు. ‘నిరోధ్’ పేరుతో మన దేశంలో 1968 నుంచీ ప్రభుత్వమే ప్రచారం చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇదీ: ఏడాదిపాటు ప్రతిసారీ సరిగ్గా వాడితే వందమంది స్త్రీలలో ఇద్దరికి గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అయితే 13 మందికి వస్తుంది. ఆ ఇద్దరినీ రబ్బరు ఖాతాలో రాయండి, ఒప్పుకుంటాను. మిగతా 11 మంది ఎవరి ఖాతా?

నెలల తరబడి పర్సులో, బండి డిక్కీలో పెట్టుకు తిరిగితే వేడికీ ఒరిపిడికీ రబ్బరు పాడవుతుంది. గడువు తేదీ చూడరు. ప్యాకెట్‌ను పంటితో చింపుతారు. కొసను నొక్కిపట్టి గాలి తీసేసి తొడగాలి. ఆ ఓపిక వుండదు, గాలి మిగిలితే చిరుగుతుంది. కొబ్బరినూనో వాజిలినో రాస్తారు. నూనె తగిలిన లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. నీటితో చేసిన జెల్‌కైతే ఆ ప్రమాదం లేదు. ఒకటి సరిపోదని రెండు తొడిగేవాళ్ళూ వున్నారు, అదీ పొరపాటే. మొదట్లో వద్దని చివర్లో తొడుగుతారు. అయిపోయాక అంచు పట్టుకుని వెంటనే బయటికి తీయరు, అది జారి లోపలే వుండిపోతుంది. అన్నిటికంటే పెద్ద కారణం ‘ఇవాళ్టికి పర్వాలేదులే’. ఆ రాత్రి కూడా ఈ 13 లెక్కలోకే వస్తుంది. అంటే ప్యాకెట్‌లోంచి తీయని కండోం కూడా ‘ఫెయిలయిన’ కండోమే!

ఈ జాబితాలో ఆమె చేతిలో వున్నవి ఎన్ని? చిరిగిందని వెంటనే తెలిస్తే 72 గంటల్లోపు మాత్ర వేసుకోవచ్చు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కానీ చిరిగిన సంగతి ముందు అతనికి తెలుస్తుంది. చెప్పాలా వద్దా అన్నదీ అతనే తేలుస్తాడు.

‘ఆమె అడగొచ్చు కదా’ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్.ఐ.వి. ఎక్కువగా వున్న రోజుల్లో కండోం ప్రచారమంతా సెక్స్ వర్కర్ల చుట్టూ, లారీ డ్రైవర్ల చుట్టూ తిరిగింది. ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ కండోం అంటే ‘బయటి’ వస్తువనే ముద్ర కూడా పడిపోయింది. ఇంట్లో భార్య అడిగితే భర్తను అనుమానించినట్టు, లేదా తనే అనుమానించదగ్గ మనిషైనట్టు. ‘నామీద నమ్మకం లేదా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆమె నోరు మూతపడుతుంది.

అందుకే మన దగ్గర దారి నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. కండోం వాడకం ఒక్క శాతం కూడా లేదు. పొట్ట కోయనక్కర్లేని వేసెక్టమీ దేశం మొత్తం మీద 0.3 శాతం. అదే సర్వేలో, గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ళ పని, మగవాడు పట్టించుకోనక్కర్లేదన్న మగవాళ్ళు ముగ్గురిలో ఒకరికి పైనే!

ఆపరేషన్ కండోం కంటే నమ్మదగ్గదే, నిజం. పూర్తిగా తెలిసి, తనే కోరి చేయించుకునే స్త్రీతో నాకు పేచీ లేదు. కానీ 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ‘కండోంను నమ్మలేం’ అనేవాళ్ళు ఈ నలుగురినీ లెక్కలో కలిపి మాట్లాడాలి. అతను పాటించని జాగ్రత్తకు ఆమె పొట్ట కోయడాన్ని పరిష్కారం అనొద్దు.

చట్టం కూడా ఈ భాషే మాట్లాడుతుంది. 1971 నాటి అబార్షన్ చట్టం భార్యగాని, భర్తగాని వాడిన సాధనం విఫలమైతే ఆ గర్భాన్ని తీయించుకోవడానికి అదొక కారణంగా ఒప్పుకుంది. 2021 సవరణ ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అయినా’ అని దాన్ని పెళ్ళి గడప దాటించింది. ఆ హక్కును వదులుకోకూడదు. అయితే అక్కడా విఫలమయ్యేది ‘సాధనమే’, మనిషి కాదు.

భాషతో పని చేసేవాళ్ళం కనక మనం ఈ వాక్యం దగ్గరే మొదలుపెడదాం. మన కథల్లో అబార్షన్ వుంది, ఆపరేషన్ వుంది. దానికి ముందు ఆ గదిలో తెరవని ప్యాకెట్‌ను కూడా రాద్దాం. క్లాసులో పునరుత్పత్తి పాఠం చెప్పేటప్పుడు మగపిల్లల్ని బయటికి పంపకుండా, ఎలా తొడగాలో, ఎందుకు చిరుగుతుందో వాళ్ళకే ముందు చెబుదాం. ‘కండోం ఫెయిలయింది’ అని ఎవరన్నా అంటే, కర్త ఎవరని అడుగుదాం. ‘అతను వాడలేదు’, ‘అతను సరిగ్గా వాడలేదు’, ‘అతను చెప్పలేదు’. తెలుగు వ్యాకరణం ఈ మూడు వాక్యాలకూ ఏ అడ్డూ చెప్పదు.