తంజావూరులో మనం చూడకుండా వచ్చే సగం

తమిళనాడు క్షేత్రాలకు మనవైపు నుంచి బయల్దేరే యాత్రా బస్సులకు తంజావూరు ఒక మజిలీ. పెద్దగుడి దగ్గర దిగడం, రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన విమానాన్ని తలెత్తి చూడడం, నంది ముందు ఫొటోలు దిగడం, మళ్లీ బస్సెక్కి కుంభకోణం దారి పట్టడం. అదే ఊళ్లో ఉన్న రాజప్రాసాదం చాలామంది ప్రయాణ పట్టికలో ఉండనే ఉండదు. రాజధానిలో గుడినీ కోటనూ విడదీస్తే రెండూ సగమే అర్థమవుతాయి. తంజావూరులో ఆ లోటు తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. మన సాహిత్య చరిత్రలో రెండు శతాబ్దాలకు పైగా సాగిన ఒక ఘట్టానికి ఆ ప్రాసాదమే చిరునామా.

విజయనగరం నీడలో మొదలైన నాయక రాజ్యం 1532 ప్రాంతం నుంచి 1673 దాకా ఇక్కడ నిలిచింది. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’ అంకితమందుకున్నదీ ఆయనే. ఆయన కొడుకు విజయరాఘవుడి ఆస్థానంలో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది. ఆ మన్నారు మన్నార్గుడిలో కొలువైన రాజగోపాలస్వామి; విజయరాఘవుడు ఆయన భక్తుడు. కోటలో పుట్టిన కావ్యానికి గుడిలోని దేవుడు ఆధారమైనప్పుడు ఒకటి చూసి రెండోది వదిలేయడం ఎలా కుదురుతుంది? తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. శాహజీ తెలుగులో ‘పల్లకీ సేవాప్రబంధం’ రాశాడు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. నాయకులు మొదలుపెట్టిన గ్రంథ భాండాగారాన్ని రెండో శరభోజి ఎంతో పెంచాడు. అదే ఆ ప్రాసాదంలోని సరస్వతీ మహల్. అక్కడి తాళపత్రాల్లో తెలుగువీ ఉన్నాయి.

ఆ మాటకొస్తే పెద్దగుడి కూడా అచ్చంగా చోళులది మాత్రమే కాదు. ముందున్న పెద్ద నంది, ఆవరణలోని సుబ్రహ్మణ్యస్వామి ఆలయం నాయకుల కాలానివి. గర్భగుడి చుట్టూ ఉన్న ప్రదక్షిణ మార్గంలో చోళుల చిత్రాలు నాయకుల చిత్రాల పొర కింద శతాబ్దాల పాటు దాగి ఉండి, 1931లో బయటపడ్డాయి. 1803లో శరభోజి తన వంశచరిత్రను మరాఠీలో ఇదే గుడి గోడల మీద చెక్కించాడు. కోటలో ఎవరు మారినా వాళ్ల గుర్తు గుడి మీద పడింది.

తమిళుల ఊరిలో తెలుగు గొప్పలు వెతకడం దురభిమానం కాదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఆ ఊరు మనదని చాటుకోవడానికి వెళ్తే అది దురభిమానమే. కాని తంజావూరు చరిత్ర అలాంటి హక్కులకు చోటివ్వదు. అచ్యుతప్ప నాయకుడి కాలంలో తెలుగు కుటుంబాలకు దానమిచ్చిన మెలట్టూరులో నరసింహ జయంతికి నేటికీ భాగవత మేళం తెలుగులోనే ఆడతారు, చూసేవాళ్లు తమిళులు. తిరువయ్యారులో త్యాగరాజు తెలుగులో కట్టిన కృతులను దక్షిణాది అంతా పాడుతోంది. మన భాషను మరో భాషవాళ్లు ఇంతకాలం కాపాడుకుంటూ వచ్చారని గుర్తించడం గర్వం అనిపించుకోదు, కృతజ్ఞత అవుతుంది.

రెండో అభ్యంతరం మన సాహిత్యకారులది. అది క్షీణయుగం, రాజుల శృంగారానికీ పొగడ్తకీ పుట్టిన కవిత్వం, దానికోసం అంత దూరం వెళ్లాలా అంటారు. పొగడ్త ఉన్న మాట నిజం. ఆ కొలువుల వైభవానికి ఖర్చు భరించింది కావేరి డెల్టా రైతేనన్నదీ నిజం. కాని రంగాజమ్మ, ముద్దుపళని వంటి స్త్రీలు రాజసభలో కవులుగా నిలిచిన కాలాన్ని ఒక్క మాటతో తీసిపారేయలేం. ముద్దుపళని కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చువేయిస్తే, అశ్లీలమని నిషేధించింది ఆధునికమని చెప్పుకున్న కాలమే. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించినదీ ఆ నాగరత్నమ్మే. ఏది క్షీణత, ఏది ఔన్నత్యం అన్న తీర్పు ఇంకా పూర్తికాలేదు. అది చూసి, చదివి ఇవ్వవలసిన తీర్పు.

యాత్రికుడికి భక్తి ముఖ్యం, సమయం తక్కువ అన్నది మూడో మాట. ప్రాసాదానికి ఒక పూట చాలు. తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లే. మన విశ్వవిద్యాలయాలు, అకాడమీలు చేయవలసిన పని వేరే ఉంది: తంజావూరు, మన్నార్గుడి, మెలట్టూరు, తిరువయ్యారులను కలిపి చూపే చిన్న తెలుగు కరదీపిక ఒకటి తేవాలి. అది వచ్చేదాకా పాఠకులు ఆగనక్కర్లేదు. ఈసారి తంజావూరు వెళ్లే ముందు ‘విజయవిలాసం’లో కొన్ని పద్యాలైనా చదవండి, పెద్దగుడి చూశాక బస్సెక్కకుండా కోట వైపు నడవండి.