నాలుగు గంటల అనుమతి: దయ కాదు, ధర్మం

రంజాన్ మాసం రాగానే ప్రభుత్వ కార్యాలయాలలో ఒక మాట వినబడుతుంది: "మీకేమండీ, నాలుగింటికే ఇల్లు!" మూడు దశాబ్దాలు గుమాస్తాగా పనిచేసిన నాకు అది కొత్త కాదు. మునుపు పరిహాసంగా అనేవారు. 2025లో అది రాజకీయ ఆరోపణ అయింది.

ఆ ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఉత్తర్వు జారీ చేశారు. మార్చి 2 నుండి 31 వరకు ముస్లిం ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సాయంత్రం 4 గంటలకు వెళ్ళవచ్చును; అత్యవసర విధులుంటే మాత్రం ఉండవలసిందే. దీనిని భారతీయ జనతా పార్టీ నాయకులు బుజ్జగింపు అని నిందించారు. అదే పార్టీ భాగస్వామిగా ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఇదే వెసులుబాటు కల్పించిన సంగతిని విస్మరించారు.

సమానత్వమంటే అందరినీ ఒకే కొలతతో కొలవడం కాదు. రాజ్యాంగం 16వ అధికరణం ఉద్యోగంలో మతవివక్షను నిషేధిస్తుంది. 25వ అధికరణం మతస్వేచ్ఛనిస్తూ, సిక్కుల కృపాణధారణను ప్రత్యేకంగా గుర్తిస్తుంది. ఒకరి ఆచరణకు చోటివ్వడం మరొకరికి అన్యాయం కాదని రాజ్యాంగకర్తలే చెప్పినట్లయింది.

మా కార్యాలయంలో అయ్యప్ప దీక్ష తీసుకున్న మిత్రుడు సాయంత్రపు పూజకు వెళితే, ఆయన దస్త్రాలు నేను చూసేవాడిని. రంజాన్‌లో నావి ఆయన చూసేవారు. దానికి ఏ ఉత్తర్వూ అవసరం కాలేదు.

నా ఆవేదన వేరొకటి. హనుమకొండలోని ఒక కార్యాలయంలో పనిచేసే ఔట్‌సోర్సింగ్ సోదరి ఉపవాసంతోనే ఐదు దాటేవరకు కూర్చుని, పరకాల బస్సులోనే ఖర్జూరంతో ఇఫ్తార్ చేసేది. "ఉత్తర్వు ఉంది కదమ్మా" అన్నాను. "అడిగితే వచ్చే ఏడాది కొనసాగిస్తారో లేదో, చాచా" అన్నది. కాగితంపై ఉన్న హక్కు ఆమె బల్ల దాకా రాలేదు.

కనుక శాఖాధిపతులకు నా విన్నపం: ఉత్తర్వును నోటీసు బోర్డుపై ఉంచండి, ఔట్‌సోర్సింగ్ సంస్థలకూ లిఖితపూర్వకంగా తెలియజేయండి. అడిగే అవసరం లేకుండా అనుమతించండి.

మన ఉద్యోగులకూ ఒక మాట. నాలుగింటికి లేచేముందు బల్లపై దస్త్రం మిగలకుండా చూడండి. దూరపు పల్లె నుండి వచ్చిన అర్జీదారు మన కారణంగా వెనుదిరిగితే, ఆ రోజా మనకేమి నేర్పినట్లు? ఉదయమే ఒక గంట ముందు వచ్చి కూర్చోవడం కష్టమేమీ కాదు. హక్కును నిలబెట్టేది వాదన ఒక్కటే కాదు, అమానతుగా అప్పగించిన పనిని నెరవేర్చడం కూడా.