పురుగు పుట్టుక తేలింది, రైతుకు పరిహారం ఏది?

మిర్చి పూత రాలితే "మందులు ఎక్కువ కొట్టారు" అన్నారు. మక్క సుడి పురుగు తింటే "విత్తనం చూసుకోలేదు" అన్నారు. ఎప్పుడూ నేరం రైతుదే. ఇప్పుడు సాక్ష్యం పురుగు ఒంట్లోనే దొరికింది.

కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలోని శివమొగ్గలో బయటపడింది. అదే ఏడు మన మక్క చేన్లలో దిగింది. శాస్త్రవేత్తలు దాని జన్యువులు చదివి పోల్చారు. మన పురుగూ, ఆఫ్రికా పురుగూ ఒకే మూలం నుంచి ఈమధ్యే వచ్చాయని తేల్చారు. రైతు మందు తప్పు కొట్టినందుకు ఏ పురుగూ సముద్రం దాటి రాదు. విదేశీ పురుగును రేవుల్లో, విమానాశ్రయాల్లో ఆపే బాధ్యత కేంద్రానిది. అందుకు 1914 నుంచే చట్టం ఉంది.

నల్లతామర సంగతి ఇంకా అన్యాయం. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు బెంగళూరులో బొప్పాయి మీద ఉన్నట్టు 2015లోనే ప్రకటించారు. 2021లో అది గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిర్చి పూతను ఊడ్చేసింది. నడుమ ఆరేళ్లు! మిర్చి రైతు చెవిన ఆ కబురు వేసిందెవరు? అప్పటికి తెలంగాణలో ఫసల్ బీమా కూడా అమల్లో లేదు. మందుల దుకాణం అప్పు మాత్రం మిగిలింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా చూడండి. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఇక్కడే కలుస్తాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి పోయినా సరుకు రాక ఆగలేదు. పండుతో, నారుతో, నర్సరీ మొక్కతో పురుగూ ప్రయాణిస్తుంది. ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్యానికి జాతీయ సంస్థే ఉంది. ఇంత దగ్గర విజ్ఞానం పెట్టుకొని, పంట పోయాక పురుగు పేరు చెబితే ఏం లాభం?

జన్యు పరీక్షకు మేము వ్యతిరేకం కాదు. అది పరిశోధన పత్రాల్లోనే ఆగిపోవడానికి వ్యతిరేకం. అందుకే మా డిమాండ్లు ఇవి: బాటసింగారం, మలక్‌పేట వంటి మార్కెట్లలో బుట్టలు పెట్టి, పట్టిన కొత్త పురుగులకు జన్యు పరీక్ష చేయాలి. ఫలితం తెలుగులో వెంటనే ప్రతి రైతువేదికకు చేరాలి. కేంద్ర విపత్తు సహాయ జాబితాలో వడగళ్లతో పాటు చీడల దాడి కూడా ఉంది. బయటి నుంచి వచ్చిన పురుగని తేలిన చోట, ఆ లెక్కన ప్రతి ఎకరాకూ, కౌలు రైతుకు సైతం పరిహారం ఇవ్వాలి.

పురుగు ఎక్కడిదో తేల్చారు. దాన్ని రానిచ్చిందెవరో కూడా తేల్చండి.