పురుగుమందులును కాలేయమును

మామిడి పూతకు వచ్చు దినములలో మన చిత్తూరు సీమలో ఏ తోటకు బోయినను మందు కొట్టు చప్పుడే వినవచ్చును. తేనెమంచు పురుగు పూతను మాడ్చివేయునను భయముచే రైతు పలుమారులు మందు చిమ్మును. మదనపల్లె ప్రాంతపు టమాటా చేలలోను ఇదే తీరు. పంట దక్కనిచో మన బడి జీతములును, పుస్తకములును ఎట్లు సమకూడును? కావున రైతును నిందించుట నా యుద్దేశము గాదు. కాని పురుగును జంపుటకై తెచ్చిన విషము మనుష్యునికేమి చేయునో యెఱుగకుండుట మాత్రము మన తప్పే యని నా యభిప్రాయము.

విషమనగానే కడుపును, గుండెను దలంతుము, కాలేయమును దలంపము. పెద్దవారిలో ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాముల బరువుండు ఈ యవయవము దేహమునకు సుంకపు చావడి వంటిది. ప్రేగులనుండి వచ్చు రక్తము మొదట దీనిని జేరి, పిదపనే తక్కిన భాగములకు బోవును. చర్మము ద్వారాను, ఊపిరి ద్వారాను లోని కేగిన మందును విఱిచి వెలికి బంపు భారమును ముఖ్యముగ దీనిదే. ఈ పనిలో కావలివాడే గాయపడుటయు గలదు. పారాక్వాట్ అను కలుపుమందు ఊపిరితిత్తులను, మూత్రపిండములను, కాలేయమును గూడ జెఱచును.

అన్నిటికంటె మోసకరమైనది పసుపు భాస్వరము గల ఎలుకల మందు. అది లోన బడిన తొలినాడు వాంతులు కలుగవచ్చును. పిదప ఒకటి రెండు దినములు రోగి కుదుటబడినట్లే కన్పట్టును. గండము గడచినదని ఇంటివారు సంతసింతురు. ఆ వేళనే కాలేయము లోలోపల క్షీణించుచుండును. పిమ్మట కండ్లు పచ్చబడును. రక్తము గడ్డకట్టు శక్తి తగ్గును. తుదకు స్మృతి తప్పును. దీనికి విరుగుడు లేదు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ప్రారంభించిన చిన్న వైద్యశాలనుండి పెరిగి, నేడు మన పొరుగున నున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, రోగి రక్తరసమును దీసి మంచిదాని నెక్కించు చికిత్స నిట్టివారికి జేయుచున్నారు. వేళకు జేరినవారికే గదా ఆ మేలు!

కావున నేను జెప్పదలచిన దొక్కటే. రోగి బాగుగ నున్నాడని ఇంట నుంచుకొనరాదు. ఉప్పునీరు, పసరులు పోసి వాంతి చేయింపరాదు. తక్షణమే 108కు తెలిపి, మందు డబ్బాతో గూడ తిరుపతి రుయా ఆసుపత్రికో, మఱి దగ్గఱనున్న వైద్యశాలకో కొనిపోవలెను. వైద్యులు పొమ్మనువఱకు అచ్చటనే యుండవలెను.

శాసనములు లేవా యందురేమో. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధించిరి. అయినను 2013లో బీహారు రాష్ట్రమున నొక పాఠశాలలో ఆ విషము కలిసిన మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. శాసనము వంటయింటికి కావలి కాయదు. ఆ పని మనదే.

సోదర విద్యార్థులారా, మన తలిదండ్రులలో ననేకులు డబ్బాపై నున్న సన్నని యక్షరములను జదువజాలరు. మనము చదివి చెప్పుదము. ఆ డబ్బాపై ఎఱ్ఱని త్రికోణము మిక్కిలి తీవ్రమైన విషమునకు గుఱుతు. దాని తరువాతివి క్రమముగ పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ యనగా నిరపాయమని భ్రమింపరాదు. మందును తాళము వేసి యుంచుదము. పానీయపు సీసాలలో పోయనీయకుందము. ఖాళీ డబ్బాలో నీరు గాని నూనె గాని పట్టనీయకుందము. మందు కొట్టి వచ్చిన తండ్రి స్నానము చేసి బట్టలు మార్చినగాని భోజనమునకు గూర్చుండకుండునట్లు ప్రేమతో బలవంతపెట్టుదము. బడిలో నేర్చిన నాలుగక్షరములకు ఇంతకంటె మంచి వినియోగము వేఱొకటి నాకు దోచదు.